కాతిబు కలము - స్కానరు కన్ను
హైదరాబాదు పాతనగరమున, ఛత్తా బజారులో, శుభలేఖలు అచ్చువేయు దుకాణములు కోకొల్లలు. పూర్వము ఉర్దూ గ్రంథములు రాతియచ్చున వెలువడెడివి. వ్రాయసకాడగు కాతిబు జిడ్డుసిరాతో కాగితముపై వ్రాయగా, ఆ వ్రాతను సున్నపురాతిపై నొత్తి దింపెడివారు. తడిపిన రాయి అచ్చుసిరాను అక్షరముల చోటనే పట్టును. 1981లో నూరీ నస్తలీఖ్ లిపి కంప్యూటరు కెక్కినది మొదలు కాతిబులకు పని సన్నగిల్లుచు వచ్చినది. అయినను కొందరు నేటికిని వధూవరుల పేర్లు కలముతో వ్రాయుచున్నారు. వానిని స్కానరు పట్టుకొనగా డిజిటల్ యంత్రము అచ్చువేయును. ఇది కళకు ద్రోహమని మేము తలపము. నాడు రాయి మోసినదానినే నేడు స్కానరు మోయుచున్నది. భయమొక్కటే: ఒకమారు పట్టిన పేరును వేయిమార్లు వాడవచ్చును, మరల కాతిబును పిలువనక్కరలేదు. ఉర్దూ శుభలేఖ చేతికందినపుడు పరికింపుడు: ఒకే మాట రెండుచోట్ల వెంట్రుకవాసి భేదముతో నున్నచో, అది కలము వ్రాతయే.