రంగు తేల్చే ట్యూబు

(సరోజినీ నగర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

చర్మం గురించి నాలుగు మాటలు చెప్పమని మీవాళ్లు అడిగారు. సబ్బుల జోలికీ షాంపూల జోలికీ పోకుండా ఒక్క ట్యూబు గురించే చెబుతానన్నాను. చాలా ఇళ్లలో అది అద్దం ముందు దువ్వెన పక్కనే ఉంటుంది. పైన పేరు ఏదైనా కావచ్చు, లోపలున్నది స్టెరాయిడ్.

ముందే ఒక మాట. అది చెడ్డ మందు కాదు. 1952లో హైడ్రోకార్టిసోన్ చర్మం మీద పనిచేస్తుందని తేలాక ఎగ్జిమా రోగుల బతుకే మారిపోయింది. ఇప్పటికీ నేను రోజూ రాస్తాను. స్టెరాయిడ్ అన్న మాటకే భయపడి, పిల్లాడు రాత్రంతా గోక్కుంటున్నా మందు పూయని తల్లులూ ఉన్నారు. వాళ్లకు పూయమనే చెబుతాను. ఎక్కడ పూయాలి, ఎంత బలమైనది, ఎన్నాళ్లు అన్నది తెలియకుండా వాడితేనే చిక్కు.

ఇక ముఖం సంగతి. ఈ మందు చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందుకే పూసినచోట పాలిపోతుంది. ఏ స్టెరాయిడ్ ఎంత బలమైనదో తేల్చే పరీక్ష కూడా ఇదే: చేతిమీద పూసి, ఎంత పాలిపోయిందో చూస్తారు. మనం "రంగు తేలింది" అని మురిసిపోయేది ఆ మందు బలాన్నన్నమాట. నాలుగు రోజుల్లో మొటిమలు అణిగి, మంగు మచ్చ పలచబడితే ఎవరు మానతారు చెప్పండి? పక్క క్వార్టర్‌లో ఆవిడకీ చెబుతారు, పెళ్లి కుదిరిన అమ్మాయికీ ఇస్తారు.

బ్యాంకువాళ్లు కాబట్టి మీకు ఓవర్‌డ్రాఫ్టు అంటే తెలుసు. వాడుకున్నంత సేపూ హాయిగానే ఉంటుంది. కొన్ని వారాలకో నెలలకో చర్మం పలచబడి ఎర్రటి సన్న నాళాలు బయటికి కనిపిస్తాయి. అణిగిన మొటిమలు గుంపుగా లేస్తాయి, బుగ్గలమీద నూగు పెరుగుతుంది. ఢిల్లీ ఎండలో పది అడుగులు వేస్తే మంట. పోనీ మానేద్దామంటే ముఖం కందిపోయి దురద పెడుతుంది. మళ్లీ పూస్తే తగ్గుతుంది. "ఈ క్రీము లేకపోతే నా ముఖం ఇలా అయిపోతుంది డాక్టరుగారూ" అంటారు పాపం, ఆ క్రీము వల్లే అలా అయిందని తెలియక.

2011లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. దేశంలో 12 కేంద్రాల్లో ముఖంమీద చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది స్టెరాయిడ్ పూస్తున్నవాళ్లే. వాళ్లలో నూటికి తొంభై మందికి ఏదో ఒక దుష్ఫలితం కనిపించింది. సగం మందికి పైగా ఆ మందు చెప్పింది డాక్టరు కాదు.

మీ ఇళ్లలో దీనికి తోడు బదిలీ ఒకటి. విజయవాడలో డాక్టరు రెండు వారాలకు రాసిన మందు సామానుతోపాటు ఢిల్లీ వస్తుంది. ఆ చీటీ చూపించి ఇక్కడి మందుల షాపులో రెండేళ్లు కొంటూనే ఉంటారు. రాసిన డాక్టరుకి ఆ సంగతి తెలియనే తెలియదు.

తామర సంగతి ఇంకా ఘోరం. జులై ఉక్కపోతలో, మన మార్కెట్లో కొన్న బిగుతు జీన్సు కింద, తొడల సందుల్లో మొదలవుతుంది. షాపులో ఇచ్చే మిశ్రమం క్రీములో ఫంగస్ మందుతోపాటు బలమైన స్టెరాయిడ్ కూడా ఉంటుంది. దురద ఒక్క రాత్రిలో పోతుంది, ఫంగస్ మాత్రం అడ్డులేకుండా పాకుతుంది. అంచులు చెరిగిపోయి అది తామరేనా అన్నది మాకే అనుమానం వచ్చేలా తయారవుతుంది. ఇంట్లో ఒకే తువ్వాలు వాడితే అందరికీ అంటుతుంది.

చంటిపిల్లల విషయంలో మరీ జాగ్రత్త. వాళ్ల చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. డైపర్ కింద పూస్తే ఇంకా ఎక్కువ. బలమైన మందు ఎక్కువ రోజులు పూస్తే ఒంట్లోకి చేరి ఎదుగుదలను దెబ్బతీయగలదు. పెద్దవాళ్లయినా కనురెప్పల మీద నెలల తరబడి పూస్తే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లాలు రావచ్చు.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా అడిగితే ఇస్తున్న షాపులున్నాయని మీకూ తెలుసు. కాబట్టి ట్యూబు తిప్పి చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసోల్, ఫ్లుఓసినోలోన్... ఇలాంటి పేరు కనిపిస్తే అది స్టెరాయిడే. క్లోబెటసోల్ వీటన్నిట్లోకీ బలమైనది. అరచేతులు, అరికాళ్ల మందపాటి చర్మానికి రాసే మందును బుగ్గలకు పూయడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డాక్టరు రాసిందే అయితే కొలత కూడా అడగండి. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండిన మందు మీ రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది.

ఇప్పటికే నెలల తరబడి పూస్తున్నవాళ్లు ఇది విని ఇవాళే ట్యూబు చెత్తబుట్టలో వేయకండి. ఒక్కసారిగా ఆపితే ముఖం బాగా కందిపోవచ్చు. కొందరికి మెల్లగా తగ్గించాలి, కొందరికి వేరే మందు ఇచ్చి ఆపాలి. పక్కనే సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో చర్మవిభాగం ఉంది, చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు వెంట తీసుకెళ్లండి, ఖాళీదైనా సరే. "తెల్లటి క్రీము, నీలం మూత" అంటే మేం కనిపెట్టలేం.