ఇంజనుకు చల్లని నీరందాలంటే

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. బోట్లు రేవులో కట్టేసి ఉండే ఈ 61 రోజుల్లోనే ఇంజను నీటి పంపును విప్పి చూసుకోండి. సముద్రపు నీటిని లాగి ఇంజనును చల్లబరిచే పంపుల్లో చాలావాటికి లోపల రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. నీరందకుండా తిరిగితే కాసేపటికే దాని రెక్కలు వేడెక్కి తెగిపోతాయి.

ఇంజను చల్లారాక, సముద్రపు నీరు వచ్చే వాల్వు కట్టేయండి. పంపు మూత విప్పి, పాత ఇంపెల్లర్‌ను మెల్లగా బయటికి లాగండి. రెక్కలు లెక్కపెట్టండి. ఒక్క ముక్క తగ్గినా గొట్టాల్లో, హీట్ ఎక్స్ఛేంజర్‌లో వెతికి తీయాల్సిందే. లేకుంటే నీటికి అడ్డుపడుతుంది. కొత్తదానికి గ్లిజరిన్ గానీ సబ్బునీరు గానీ రాయండి. మామూలు గ్రీజు వద్దు, రబ్బరును పాడుచేస్తుంది. పంపు ఎటు తిరుగుతుందో చూసుకుని, రెక్కల కొసలు దానికి వెనక్కి వాలేలా తిప్పుతూ లోపలికి నెట్టండి. కొత్త గాస్కెట్ వేసి మూత బిగించండి.

వాల్వు తెరిచాకే ఇంజను స్టార్ట్ చేయండి. బయటి గొట్టంలోంచి నీరు రాకపోతే వెంటనే ఆపేయండి. నడిసంద్రంలో ఇంజను ఆగితే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. అందుకే ఒక ఇంపెల్లర్, ఒక గాస్కెట్ ఎప్పుడూ బోటులో అదనంగా ఉంచుకోండి. క్షేమంగా వెళ్లి రండి.