రైల్లో ఒక రాత్రి



దేశం ఒక్కటిగా ఉండాలని మనమందరం అంటాం. ఆ ఒక్కటిలో ఎవరెవరికి చోటుందన్నది అట్టే ఆలోచించం. ఈమధ్య ఒక పాత ఇంగ్లీషు సినిమా చూశాక నాకీ ఆలోచన పట్టుకుంది. పేరు ‘ది టాల్ టార్గెట్’. 1951లో ఆంథొనీ మాన్ తీశాడు.

కథ 1861 ఫిబ్రవరి నాటిది. బానిసత్వం ఉండితీరాలని ఏడు దక్షిణాది రాష్ట్రాలు అప్పటికే అమెరికానుంచి విడిపోయాయి. కొత్తగా ఎన్నికైన లింకన్ మార్చి 4న ప్రమాణం చెయ్యడానికి వాషింగ్టన్ వెళ్ళాలి. దారిలో, బాల్టిమోర్‌లో ఆయన్ని చంపాలని కుట్ర. ఆ సంగతి పసిగట్టిన పోలీసు ఉద్యోగి ఒకడు రాత్రి రైల్లో పడే అవస్థే సినిమా. అతని పేరు జాన్ కెనెడీ! తరువాత అధ్యక్షుడైన కెనెడీకీ ఇతనికీ సంబంధం లేదు లెండి. పెట్టెలో ఎవరు మిత్రుడో, ఎవరు శత్రువో తెలియదు. చేతిలో అల్లిక ఉంటే అక్కడే ఆగిపోతుంది.

అసలు చరిత్రలో లింకన్‌ను బాల్టిమోర్ దాటించినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. కేట్ వార్న్ అనే వితంతువు, పింకర్టన్ డిటెక్టివ్ సంస్థ ఉద్యోగిని. జబ్బుపడిన అన్నగారిని తీసుకువెళుతున్నానని చెప్పి రైల్లో పడకలు సంపాదించింది. ఆ అన్నగారే లింకన్! ఫిబ్రవరి 23 తెల్లవారేసరికి ఆయన వాషింగ్టన్ చేరాడు.

సినిమాలో నన్ను కదిలించింది రేచెల్. దక్షిణాది అమ్మాయిగారి వెంట వచ్చిన బానిసపిల్ల. రూబీ డీ నటించింది. నిన్ను తోబుట్టువులా చూసుకున్నాను గనక విడుదల చెయ్యాలన్న ఊహే రాలేదంటుంది అమ్మాయిగారు. స్వేచ్ఛ మీరు ఇచ్చేది కాదమ్మా, పుట్టుకతోనే నాకు ఉండవలసిందని రేచెల్ నెమ్మదిగా జవాబిస్తుంది.

తరువాత నాలుగేళ్ళ యుద్ధంలో ఆరు లక్షలమందికి పైగా చనిపోయారు. దేశం ఒక్కటిగా నిలిచింది. 1865లో బానిసత్వం రద్దయింది.

మా ఇంట్లో పన్నెండేళ్ళుగా అంట్లు తోమే ఆవిడను ‘మా ఇంటి మనిషే’ అని నేనూ పదిమందితో అంటుంటాను. ఆవిడ కాఫీగ్లాసు మాత్రం వేరే, పెరటిగోడ మీద బోర్లించి ఉంటుంది. సినిమా చూసిన మర్నాడు, ఆదివారం సెలవు తీసుకో అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. “నన్ను మానిపించేస్తున్నారా అమ్మా?” అంది.

జీతం కొయ్యనని నమ్మించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. గ్లాసు సంగతి ఎత్తడానికి ఇంకా నోరు రాలేదు. మీ ఇళ్ళల్లో ఎలా ఉందో మీరూ ఒకసారి చూసుకోండి. ఇక సెలవు.