మత్తడి కింద మనం, కట్ట మీద వాళ్ళు

(వరంగల్ దగ్గరి ఒక పల్లెలో, దళితవాడ నడుమ జరిగిన సభలో మాట్లాడిన మాటల పాఠం)



పొద్దంతా కూలికి పోయి వచ్చి, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఇంత రాత్రి పూట ఈ సభకు వచ్చిండ్రు. మిమ్మల్ని ఎక్కువ సేపు కూచోబెట్టం. ఈ పూట గాలివాన గురించి మాట్లాడదామని వచ్చినం. పంచాయతీ రాజకీయం మాట్లాడతరనుకుంటే గాలివాన ముచ్చటేందని కొందరు అడగొచ్చు. రెండూ ఒకటే ముచ్చట అని చెప్పేందుకే వచ్చినం.

వరద వచ్చిన ప్రతిసారి కార్లల్ల వచ్చే నాయకులు ఒక మాట చెప్తరు. గాలివానకు కులం లేదు, ఇది ప్రకృతి చేసిన పని, అందరం కలిసి భరించాలె అంటరు. వినడానికి బాగుంటది. మేమూ ఒప్పుకుంటం, వానకు కులం తెల్వదు. మబ్బు మాల వాడ ఏదో, దొర గడి ఏదో చూసుకొని కురవదు. కాని ఊరు కట్టినోళ్ళకు కులం తెలుసు. ఎవరి ఇల్లు ఎక్కడుండాల్నో వాన రాకముందే, మన తాతల కాలంలోనే తీర్పు చెప్పి పెట్టిండ్రు. వాన వచ్చి ఆ తీర్పును అమలు చేస్తది, అంతే.

మన ఓరుగల్లు సీమలో ఊర్లన్నీ చెరువుల చుట్టూ పుట్టినయి. పాకాల, రామప్ప, లక్నవరం అని కాకతీయుల చెరువుల పేర్లు బడి పుస్తకాల్లో చదువుకుంటం. తవ్వించిన రాజుల, సామంతుల పేర్లు శాసనాల్లో ఉన్నయి. మట్టి మోసినోళ్ళ పేర్లు లేవు. చెరువు కట్ట తెగకుండ రాత్రంతా కావలి కాసిన నీరటోళ్ళ పేర్లు లేవు. వాగు పొంగుతున్నదని డప్పు కొట్టి ఊరంతా చాటింపు వేసిన మాదిగాయన పేరు లేదు. ఊరును నీళ్ళ నుంచి కాపాడే పని మనది. నీళ్ళలో మునిగే వంతు కూడా మనదే.

ఎందుకంటే ఎత్తు మీద గడి, గుడి, పెద్దిండ్లు కట్టుకున్నరు. పల్లానికి, చాలా ఊర్లల్ల మత్తడి నీళ్ళు పోయే తోవకు పక్కనే, మనకు జాగ చూపించిండ్రు. చెరువు నిండుగ ఉన్న నాడు ఆ నీళ్ళు ముట్టొద్దన్నరు, ముడితే మైల పడతయన్నరు. మహద్ చెరువులో దోసెడు నీళ్ళు తాగినందుకు 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వెంట వచ్చిన మనోళ్ళ తలలు పగలగొట్టిండ్రు. అదే చెరువు తెగిన నాడు మాత్రం ఆ నీళ్ళు మొదలు మన గడపే తొక్కుతయి. అప్పుడు మైల ముచ్చట ఎవరికీ యాదికి రాదు.

సముద్రం మనకు దూరం, తుఫాను కోస్తావాళ్ళ బాధ అని మన పెద్దలు అనుకునేది. ఆ రోజులు పోయినయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఇప్పుడు దాని దెబ్బ మన వాగుల దాకా వస్తున్నది. మూడేండ్ల ముచ్చట చెప్పుకుందాం.

2023 జూలై చివర్ల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. జనం ఇంటి కప్పులెక్కి కూచున్నరు. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం దిక్కు కొండాయి గ్రామంలో మనుషులు కొట్టుకుపోయినరు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తారీకుల్లో ఆకేరు పొంగి మహబూబాబాద్ జిల్లా మరిపెడ దగ్గర లంబాడి తండాను ముంచింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను గోదావరి జిల్లాల దిక్కు తీరం దాటింది. మర్నాడు హన్మకొండ జిల్లా భీమదేవరపల్లిలో ఒక్క దినంలో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. వరంగల్ పట్టణంలో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు పక్క కాలనీలు మునిగినయి. కోతకొచ్చిన వరి పడిపోయింది, చేతికొచ్చిన పత్తి తడిసి నల్లబడ్డది.

ఇక్కడ మేము నిజం చెప్పాలె. ఈ వరదల్లో అన్ని కులాలవాళ్ళూ నష్టపోయిండ్రు. మోరంచపల్లిలో వాగు ఎవరినీ కులం అడగలేదు. కొండాయిలో మనుషులు పోయిండ్రు, మరిపెడ దగ్గర లంబాడోళ్ళు మునిగిండ్రు. వాళ్ళ దుఃఖం మన దుఃఖం కాదని మేము అనం. మేము అనేది ఇంకొకటి. మునగడంలో కొంత సమానం ఉండొచ్చు, తేలడంలో మాత్రం సమానం లేదు. నీళ్ళు తీసిన మర్నాడే కులం మళ్ళా బురదలోంచి లేచి నిలబడతది.

ఎట్ల నిలబడతదో చూడండి. నీళ్ళు తీసినంక పంట నష్టం రాస్తరు. ఎకరానికి 10,000 రూపాయలని 2024లోనూ 2025లోనూ సర్కారు ప్రకటించింది. మంచిదే. కాని ఆ పైసలు ఎవరి పేరు మీద రాస్తరు? పట్టా ఎవరిదైతే వాళ్ళ పేరు మీద. కౌలు కట్టి, అప్పు తెచ్చి, ఎరువు చల్లి, పాము కాటుకు భయపడకుండ రాత్రి నీళ్ళు పెట్టింది మనం. కాయితం మీద మనం లేం. పొలం మొఖం చూడని పట్టాదారు పట్నంలో కూచొని పైసలు తీసుకుంటడు. మనసున్నోడైతే సగం ఇస్తడు, లేనోడు ఫోనే ఎత్తడు. ఇక కూలోళ్ళ సంగతి ఏ జాబితాలో రాస్తరు? వరి పడిపోతే కోత కూలి పోయింది, పత్తి నల్లబడితే ఏరే కూలి పోయింది. నెల రోజుల తిండి పోయింది. దానికి కాలం గీసిన కాయితమే లేదు. కొట్టుకుపోయిన మేకపిల్ల, తడిసిన రేషన్ బియ్యం, పిల్లగాని కులం సర్టిఫికెట్, నానిపోయిన డప్పు, ఇవి నష్టాలే కావన్నట్టు రాసుకుంటరు.

కేసముద్రం దగ్గర 2024లో వరదకు రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. వందల మంది కార్మికులు రాత్రింబగళ్ళు పనిచేసి కొద్ది రోజుల్లోనే రైళ్ళు నడిపిండ్రు. ఆ కార్మికులకు దండం పెడుతున్నం. మా ప్రశ్న ఒకటే. రైలు ఆగితే అంత తొందరగా కదిలే సర్కారు, మన వాడలో గోడ కూలితే ఏండ్లకేండ్లు ఎందుకు కదలదు? చేతకాక కాదు. రైలు ఆగితే అడిగేటోళ్ళు దేశమంతా ఉన్నరు, మన గోడ కూలితే అడిగేటోళ్ళు లేరు.

ఇది ఒక్క మన జిల్లా కథ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది చచ్చిపోయిండ్రు. లోతట్టు పూరిండ్లల్ల ఉన్న కూలోళ్ళు, చేపలు పట్టేటోళ్ళు ఎక్కువగా పోయిండ్రు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తమిళనాడు నాగపట్నం దిక్కున దళితుల్ని శిబిరాల్లో కలవనియ్యలేదు, నీళ్ళ ట్యాంకు ముట్టనియ్యలేదు. అంత పెద్ద సముద్రం ఇంట్లకొచ్చి ముట్టుకొని పోయినా వాళ్ళకు అంటు పోలేదు.

అమెరికా సంగతి చెప్తం. 2005 ఆగస్టు 29న కత్రినా అనే తుఫాను న్యూఆర్లీన్స్ పట్నం మీద పడ్డది. నది, సరస్సు నీళ్ళు రాకుండ పోసిన కట్టలు తెగినయి. పట్నంలో ఐదింట నాలుగొంతులు మునిగింది. ఆ పట్నంలో ముగ్గురిలో ఇద్దరు నల్లజాతివాళ్ళు. కార్లున్నోళ్ళు ముందే వెళ్ళిపోయిండ్రు. కార్లు లేని పేద నల్లవాళ్ళు చాలామంది మిగిలిండ్రు. కొద్ది రోజులకు వాళ్ళు గుంపుగా నడుచుకుంటూ నది మీది వంతెన దాటి ఆవల మునగని గ్రెట్నా ఊరికి పోదామనుకున్నరు. వంతెన మీద పోలీసులు అడ్డం నిలబడి, గాలిలో తుపాకులు కాల్చి, వెనక్కి నీళ్ళల్లకే పంపిండ్రు. ప్రపంచంలో అందరికంటే పైసలున్న దేశం అది. అక్కడ వంతెన మీద తుపాకి, నాగపట్నంలో ట్యాంకు మీద మూత, మన దగ్గర జాబితాలో లేని పేరు. మూడూ ఒక్క జబ్బే. ఎత్తు జాగ తమ సొంతమనుకునేటోళ్ళ జబ్బు.

ఇక మన పంచాయతీ రాజకీయం. మన ఊర్లల్ల సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయింది. ఎన్నికలు పెట్టలేదు. స్పెషల్ ఆఫీసర్ల చేతిలో పెట్టిండ్రు. మళ్ళా ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. అంటే 2024 ఆకేరు వరదకు, 2025 మొంథాకు, రెండింటికీ మన ఊర్లల్ల ఎన్నుకున్న మనిషి లేడు. అర్ధరాత్రి నీళ్ళొస్తే తలుపు కొట్టేందుకు ఇల్లు లేదు, తెల్లారి నిలదీసేందుకు గల్లా లేదు. ఆఫీసరు మంచోడే కావొచ్చు. కాని ఆయనకు మన ఓటు అక్కర లేదు, మనకు ఆయన మీద అధికారం లేదు. వరద కంటే ఇది తక్కువ ప్రమాదం కాదని మా అభిప్రాయం.

ఇప్పుడు సర్పంచులు వచ్చిండ్రు. రిజర్వుడు సీట్లల్ల మనోళ్ళూ, మన అక్కలూ గెలిచిండ్రు. సంతోషమే. కాని సంతకం మన అక్కది, మాట మాత్రం వెనుక కూచున్న పటేలుది అయితే ఆ కుర్చీ మనది కాదు. కొన్ని ఊర్లల్ల సర్పంచి పదవినే వేలం పాడి ఏకగ్రీవం అన్నరు. పదవిని కొన్నోడు పెట్టుబడి తీసుకోడా? ఎట్ల తీసుకుంటడు? కాల్వ పనిలో తీసుకుంటడు, నష్టం జాబితాలో తీసుకుంటడు.

తప్పు వాళ్ళదే అని చెప్పి చేతులు దులుపుకుంటే అది నిజాయితీ కాదు. మన తప్పు కూడా ఉన్నది. ఎన్నికల నాటి రాత్రి సీసాకు, నోటుకు ఓటు అమ్ముకున్నోళ్ళు ఈ వాడల్లనే ఉన్నరు. ఇంకొకటి. వర్గీకరణ మీద ముప్పై ఏండ్లు కొట్లాడుకున్నం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2025 ఏప్రిల్ 14 నుంచి మన రాష్ట్రంలో అమలైంది. ఎవరి వాటా వాళ్ళకు రావాల్సిందే. కాని మత్తడి కింద మాల వాడ, మాదిగ వాడ పక్క పక్కనే ఉన్నయి. జాబితా రాసే నాడు ఈ వాడ ఆ వాడను మరిచిపోతే, రాసేటోడు రెండింటినీ మరిచిపోతడు.

అందుకే మృగశిర కార్తె రాకముందే చేయాల్సిన పనులు చెప్పి కూచుంటం.

మొదటిది. ఏ ఇంట్లోకి ఎంత ఎత్తు నీళ్ళొచ్చినయో గోడ మీద గీత గీయండి. తారీకు రాయండి. చదువుకున్న పిల్లలు వాడ పటం గీసి, ఇంటింటి పేరు రాసి, ఫోటోలు తీసి పెట్టాలె. ముసలోళ్ళు, బాలింతలు, నడవలేనోళ్ళు ఏ ఇంట్లో ఉన్నరో అందులో ఉండాలె. నీళ్ళొస్తే వాళ్ళను మొదలు ఎవరు ఎత్తుకుపోవాల్నో ఇప్పుడే మాట అనుకోవాలె.

రెండవది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్తున్నది. ఆ సభకు కట్టుగా పోవాలె. ఆడోళ్ళు ముందు వరుసలో కూచోవాలె. నష్టం జాబితాను మన వాడలో నిలబడి గట్టిగా చదివి వినిపించాలని తీర్మానం రాయించాలె. కౌలుదారు పేరు, కూలి దినాల నష్టం అందులో ఉండాలని రాయించాలె. నోటి మాట వద్దు, పుస్తకంలో రాత కావాలె, దాని నకలు మన చేతిలో ఉండాలె.

మూడవది. ఎత్తు మీద ఇంటి జాగలు. బియ్యం మూట, దుప్పటి ఇచ్చి పంపితే మళ్ళా ఏడు మళ్ళా అక్కడనే మునుగుతం. ఊరి ఎత్తున ఉన్న సర్కారు భూమి ఎంత, అది ఎవరి కబ్జాలో ఉన్నది, ఇది అడగాలె. పట్నంలో నాలా పక్క గుడిసె వేసుకున్నోణ్ణి ఆక్రమణదారు అంటరు. చెరువు శిఖంలో మేడ కట్టినోణ్ణి ఏమంటరో కూడ అడగాలె.

నాల్గవది. నీళ్ళొచ్చిన రాత్రి బడి తాళం ఎవరి దగ్గర ఉంటదో ఇప్పుడే తేల్చుకోవాలె. బడి మెట్టు ఎక్కనియ్యకపోతే, అన్నం దగ్గర వేరే వరుస పెడితే, అది చిన్న అవమానం కాదు, నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నది. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనోళ్ళ నెత్తురు పారినంకనే ఇట్లాంటి చట్టాల విలువ మనకు తెలిసింది. దాన్ని బీరువాలో పెట్టి దండ వేయొద్దు, వాడాలె.

ఊరు గొప్పది, ఊరే స్వర్గం అని పెద్దలు పొగుడుతుంటే, 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో నిలబడి ఊరంటే సంకుచితపు గుంట అని తేల్చి చెప్పింది అంబేడ్కర్. ఆ గుంటలోనే మన ఇండ్లు ఉన్నయి, ఆ గుంటలోకే నీళ్ళు వస్తున్నయి.

ఒకప్పుడు వాగొస్తుందని చాటేందుకు డప్పు కొట్టినం, ఊరు మేలుకున్నది, మనం మునిగినం. ఈసారి డప్పు మన కోసం కొడదాం. వాన వచ్చినంక కాదు, ఇప్పుడే.

జై భీమ్.