మొదటి నాలుగు వందల అడుగులు

ఈ రోజు జులై 11, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. నిజాంసాగర్ కట్టిన ఆ మహానుభావుని గురించి మీకు నేను చెప్పేదేముంది! నీళ్ల ఇంజనీరు పేరిట జరిగే సభకు గాలిలో బతికిన నన్ను పిలిచారు. అది మీ పెద్దమనసు.

నాకిచ్చిన అంశం కొత్తతరం వేగవంతమైన చిన్న విమానాలు, వాటి భద్రత. యంత్రం, మనిషి, నేల అని మూడు మాటలు చెబుతానని కార్యదర్శి గారికి ఒప్పుకున్నాను. ఆ వరుసలోనే పోదాం.

కరీంనగర్‌లో చిన్న విమానం మాట ఎత్తితే నా వయసు వాళ్లకు ఒక్క రోజే గుర్తుకొస్తుంది. 2004 ఏప్రిల్ 17. సినీనటి సౌందర్య గారు ఎన్నికల ప్రచారానికి ఈ ఊరికే బయల్దేరారు. బెంగళూరు జక్కూరు నుంచి సెస్నా 180, ఒక ఇంజన్, నాలుగు సీట్లు. పదకొండు దాటాక గాలిలోకి లేచింది. లేచిన కాసేపటికే పక్కనున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో పడి కాలిపోయింది. ఆమె, తోబుట్టువు అమరనాథ్, ఇంకొకరు, పైలట్, నలుగురూ పోయారు. ఆమె కోసం ఎదురుచూసిన ఊరికి కబురు వచ్చింది. ఆమె ‘అమ్మోరు’ సినిమా చూసి దండం పెట్టుకున్న మా అవ్వ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పాతికేళ్లుగా విమానాలు నడుపుతున్న నన్ను పట్టుకొని, ‘బిడ్డా, చిన్న ఇమానం ఎక్కకు, నా మీద ఒట్టు’ అన్నది. నేను ఎక్కాను. ఆ ఒట్టు మాత్రం ఇప్పటికీ నన్ను పట్టుకొనే ఉంది.

అప్పటి నుంచి నన్ను అడిగినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: ‘అది పాత విమానం కద సార్, కొత్తదైతే కూలేదా?’ సెస్నా 180 తయారీ 1953లో మొదలై 1981లో ఆగింది. పాతదన్న మాట నిజమే. మరి కొత్తది ఎట్లా ఉంటుంది? సిర్రస్ ఎస్ఆర్22ను చూడండి. రేకు ఒళ్లు కాదు, కాంపోజిట్. 310 హార్స్‌పవర్ ఇంజన్, 180 నాట్స్ దాకా వేగం, గడియారాల్లాంటి మీటర్ల చోట టీవీల్లాంటి తెరలు. అన్నిటికన్నా గొప్పది, విమానానికే ఒక పారాచూట్. కప్పుకు ఉన్న పిడి లాగితే చిన్న రాకెట్ పేలి గొడుగును పైకి గుంజుతుంది, మనుషులతో సహా విమానం మొత్తం దాని కింద వేలాడుతూ దిగుతుంది. ఆ కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో అలన్ క్లాప్‌మయర్ 1985లో గాలిలోనే మరో విమానాన్ని ఢీకొని బతికి బయటపడ్డాడు, అవతలి పైలట్ బతకలేదు. ఆ బాధలోంచి పుట్టిన గొడుగు అది. 2002 అక్టోబరులో టెక్సాస్‌లో మొదటిసారి ఒక మనిషిని కాపాడింది. ఈనాటికి రెండు వందల మందికి పైగా దాని పుణ్యాన ఇళ్లకు చేరారు. చేతులెత్తి మొక్కవలసిన యంత్రం.

కానీ లెక్క చూడండి. ఎస్ఆర్22 తొలి నమూనాల పుస్తకంలోనే రాసి ఉంది. సమంగా పోతున్నప్పుడు లాగితే గొడుగు పూర్తిగా అందుకునేసరికి 400 అడుగులు పోతాయి. గిరికీలు కొడుతూ పడుతున్నప్పుడైతే 920 అడుగులు. సౌందర్య గారి విమానం నూరు అడుగుల ఎత్తు దాకా పోయిందని అప్పటి పత్రికలు రాశాయి. ఆ ఎత్తులో అది సిర్రస్ అయినా గొడుగు విచ్చుకోకముందే నేల వచ్చేది. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్నది ఇదొక్కటే. మొదటి నాలుగు వందల అడుగుల్లో పాత విమానం, కొత్త విమానం అన్న తేడా లేదు. అక్కడ పైలట్ ఒక్కడే ఉంటాడు.

వేగం గురించి కూడా ఒక మాట. ఇంజనీర్లు కనుక మీకు తొందరగా అందుతుంది. శిక్షణ ఇచ్చే సెస్నా 172 ఫ్లాప్స్ దించితే 40 నాట్స్ దగ్గర దాకా గాలిలో నిలుస్తుంది, ఎస్ఆర్22కు 60 కావాలి. అదే బరువుకు నేలను తాకేటప్పటి శక్తి రెండింతలకు పైన, 2.25 రెట్లు. 1947లో వచ్చిన బొనాంజా విమానానికి అమెరికాలో డాక్టర్ల ప్రాణం తీసేదని పేరు పడింది. కొనే డబ్బున్నవాళ్లకు నేర్చుకునే తీరిక లేకపోయింది. 2010లో అమెరికా రవాణా భద్రతా సంస్థ తెరల విమానాలను, పాత మీటర్ల విమానాలను పక్కపక్కన పెట్టి చూసింది. తెరలున్న వాటికి మొత్తం ప్రమాదాలు తక్కువ, ప్రాణాలు తీసిన ప్రమాదాలు మాత్రం ఎక్కువ. సిర్రస్‌లో సైతం గొడుగు ఉండీ, పిడి లాగకుండానే పోయినవాళ్లు చాలామంది. లాగడానికి వెనుకాడవద్దని పైలట్లకు పదేపదే నేర్పాకే చావులు తగ్గాయి. యంత్రం అప్పుడూ అదే, గొడుగూ అదే. మారింది చెయ్యి.

ఆ చెయ్యి ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే ముందు రెక్క సంగతి తెలియాలి. ఈ పైన తిరిగే ఫ్యానును చూడండి. రెక్కలను కొంచెం వంచి బిగించారు. మరీ వంచితే గాలి రాదు, మోటారు మూలుగుతుంది. విమానం రెక్కా అంతే. వచ్చే గాలికి పదిహేను, పదహారు డిగ్రీలు దాటి ఎత్తితే పైనుంచి జారే గాలి రెక్కను విడిచిపోతుంది. రెక్క ఉంటుంది, మోసే బలం పోతుంది. స్టాల్ అంటే ఇది. ఇంజన్ ఆగడం కాదు. పత్రికల్లో ఇప్పటికీ ఇంజన్ ఆగిందనే రాస్తారు, చదివినప్పుడల్లా బాధ కలుగుతుంది.

1979 వానకాలం. అప్పుడు నేను ఒక క్లబ్బులో పుష్పక్ నడిపేవాణ్ణి. మన హెచ్ఏఎల్ చేసిన రెండు సీట్ల విమానం, బట్ట చుట్టిన రెక్కలు, 90 హార్స్‌పవర్. మాకు నేర్పిన సార్ మొదటి రోజు చెప్పిన మాట, ‘లేచాక ఇంజన్ పోతే ఎదురుగా ఉన్న నేలే నీది. వెనుకున్న రన్‌వే నీది కాదు.’ వందసార్లు చెప్పించుకున్నాను. ఒక రోజు రాత్రంతా వాన. పొద్దున ట్యాంకు అడుగున చిన్న మూత తిప్పి, గ్లాసులోకి కొంచెం పెట్రోలు దించి వెలుగుకు పట్టి చూడాలి. నీళ్లు బరువు కనుక అడుగుకు చేరతాయి, గ్లాసులో పూసలా కనబడతాయి. నేను దించలేదు. నిన్ననే చూశాం కదా అనుకున్నాను. తప్పు నాదే.

మూడు వందల అడుగులకు పోయానో లేదో ఇంజన్ దగ్గింది. మళ్లీ దగ్గింది. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని ఏ సిమ్యులేటరూ నేర్పలేదు. గాలి రెక్కల బట్ట మీద పాముబుసలా పోతోంది. మెడ తిప్పితే రన్‌వే అక్కడే, నల్లగా మెరుస్తూ, అమ్మ ఒడిలాగా. నా ఎడమ చెయ్యి నన్ను అడగకుండానే అటు తిప్పబోయింది. తిప్పి ఉంటే లెక్క ఇది. సగం తిరిగితే రన్‌వే పక్కకు చేరుతావు, దాని మీదికి రావాలంటే ఇంకా తిప్పాలి. 45 డిగ్రీలు వాలి తిరిగితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలైతే 41 శాతం. ఇంజన్ లేదు, ఎత్తు లేదు, వేగం చేతిలోంచి జారుతోంది. సార్ గొంతు చెవిలో వినబడింది. ముక్కు కిందికి వంచాను. ఎదురుగా పల్లిచేను. సాళ్ల వెంబడే దించాను. చక్రం కూరుకుపోయి విమానం ఒరిగింది, నేను బతికాను. చేను యజమాని పరుగున వచ్చి చెంబుతో నీళ్లిచ్చాడు. నష్టం సంగతి నేనెత్తితే, ‘చేను పోతే మల్ల ఏస్త బిడ్డా, నీకు దెబ్బ తాకలె గద’ అన్నాడు. నలభై ఏళ్లు దాటినా ఆ చెంబు కళ్లలోనే ఉంది.

విమానం నేర్చుకునే ఈ కాలం పిల్లలు తెలివిలో మాకంటే పది రెట్లు. కానీ ఆ గ్లాసును వెలుగుకు పట్టి చూసే ఓపిక తగ్గింది. తెర పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టే అనుకుంటారు. కిటికీలోంచి దిగంతాన్ని చూడమని నేను అరిస్తే వినిపించుకోరు. యంత్రం కొత్తదైనంత మాత్రాన అభయం లేదు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పిలాటస్ కూలింది. ఈ సభకు వచ్చిన ఆదిలాబాద్ మిత్రులు హైదరాబాద్‌కు వస్తూపోతూ ఆ దారినే చూస్తుంటారు. ఎజెక్షన్ సీట్లున్న ఆధునిక విమానం. పైలట్లిద్దరూ పోయారు. ఆ కుటుంబాలకు ఈ వేదిక నుంచి నమస్కారం.

కార్యదర్శి గారు చీటీ పంపారు. మనిషి గురించి మాట్లాడుతూనే ఉన్నాననుకుంటాను, మిగిలింది నేల. మన బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ మీద ఒకప్పుడు వాయుదూత్ విమానం దిగేది. కేసోరాం సిమెంటు ఫ్యాక్టరీ పక్కన సడక్ మీద నిలబడి చూసినవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఆదిలాబాద్‌లో నిజాం కాలపు మైదానానికి 2025లో పౌర విమానాల అనుమతి వచ్చింది. సంతోషం. కానీ టెర్మినల్ అద్దాల గురించి జరిగే చర్చలో నాలుగో వంతైనా రన్‌వే అంచు తర్వాతి నేల గురించి జరగాలి. చిన్న విమానం నాలుగు వందల అడుగులు ఎక్కేసరికి అర నిమిషం పైన పడుతుంది. ఆలోపు కిలోమీటరు పైచిలుకు దాటుతుంది. ఆ కిలోమీటరులో వెంచర్లు, హైటెన్షన్ తీగలు వస్తే ముక్కు వంచిన పిల్లవాడు ఎక్కడ దించాలి?

ఆదివారం పొద్దున ఆరింటికి నేను బసంత్‌నగర్‌లో ఉంటాను. రన్‌వే అంచు దాటాక ఒక కిలోమీటరు పొలాల గట్ల మీద నడుద్దాం. ఎక్కడ చేను ఉంది, ఎక్కడ స్తంభం ఉంది, ఎక్కడ బావి ఉంది, అన్నీ కాగితం మీద గీసుకుందాం. ఆదిలాబాద్ వాళ్లు పిలిస్తే మరుసటి ఆదివారం అక్కడికీ వస్తాను. నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి.