మధ్యస్థధర్మము



2024వ సంవత్సరమున మన అనంతపురమున దులీప్ ట్రోఫీ క్రికెట్టు పోటీలు జరిగినప్పుడు ఆటగాండ్రను కొనియాడితిమి. దినమంతయు ఎండలో నిలిచి తీర్పు చెప్పిన అంపైరులను తలఁచినవారు అరుదు. ఆట నిలుచునది వారి ధర్మముమీఁదనే.

పూర్వము ఏ దేశమున పోటీ జరిగిన నా దేశపు అంపైరులే తీర్పరులు. తీర్పు సరియైనదైనను ఓడినవారి అనుమానము తీరెడిది కాదు. 1986 నవంబరున లాహోరులో పాకిస్తాను, వెస్టిండీసు జట్లు తలపడినప్పుడు హైదరాబాదు వి. కె. రామస్వామిగారును, బొంబాయి పీలూ రిపోర్టరుగారును తటస్థులుగా నిలిచిరి. 1912 తరువాత టెస్టు పోటీలలో నట్టి యేర్పాటు అదియే ప్రథమము. పాకిస్తానువారు భారతీయులను తమ గడ్డపైకిఁ బిలిచి తీర్పరులుగా నిలుపుకొనుట సామాన్యమా? 1994లో ప్రతి టెస్టునకు నొక తటస్థుఁడును, 2002లో నిరువురును తటస్థులే యుండవలెనను నియమము వచ్చెను.

మన విద్యార్థివేతనముల విషయమున నీ ధర్మమే శరణ్యము. వానలు లేక వేరుసెనగ యెండిన యేఁట దరఖాస్తులు మెండు, ధనము కొంచెము. అప్పుడే “మనవాఁడు” అను మాట చెవినిఁ బడును. కావున పేర్లు మఱుఁగుపఱచి, మన కులమునకు వెలుపలివారగు ఇరువురు ఉపాధ్యాయులచే నెంపిక చేయింపుఁడు. పోషకుల బంధువునకే వేతనము దక్కినను ఎవ్వరును శంకింపరు. దక్కని పేదబాలుఁడును సంఘముపై విశ్వాసము కోల్పోఁడు.

ఈ తీర్మానమును నేఁటి సభయందే యామోదింపఁ బ్రార్థించుచున్నాను.