పాత దళము – క్రొత్త గొంతు

బుర్రకథకు ముగ్గురు కావలెను. తంబుర భుజమున వేసికొని, కాళ్లకు గజ్జెలు కట్టుకొని, చేతికి అందెలు తొడిగి నడుమ నిలిచి కథ నడుపువాడు కథకుడు. అతనికి ఇరుప్రక్కల డక్కీలు వాయించుచు నిలుచువారు వంతలు. వంతలలో ఒకరిది హాస్యము, ఒకరిది రాజకీయము, అనగా లోకపు సంగతులు. గోడల మీద అంటించు ప్రకటనలలో కథకుని పేరు జానెడు అక్షరములతో నుండును. వంతల పేర్లు ఉన్నచో అడుగున చీమలబారువలె నుండును. ఆ అక్షరముల కొలతను బట్టియే మనము దళమును గూర్చి తలపోయుటకు అలవాటుపడితిమి. కథకుడు పోయినచో దళము పోయినదనుకొందుము. ఈ మాట ఎంతవరకు నిజమో, నూజివీడు ప్రాంతమున ఒక పాత దళమును మరల వినిన పిమ్మట నాకు తోచిన సంగతులు నేడు మీకు మనవి చేసెదను.

నూజివీడు మామిడితోటల సీమయని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. 2022 వరకు కృష్ణాజిల్లాలో నుండి అటుపిమ్మట ఏలూరు జిల్లాలో చేరినను, అక్కడి చిన్నరసములకు పేరు మాత్రము మారలేదు. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెము దారులలో ఎటు పోయినను తోటలే. ఎండలు ముదిరి కాయ పక్వమునకు వచ్చినది మొదలు చిక్కములు పట్టుకొని కూలీలు తోటలలో దిగుదురు, లారీలు నున్న మార్కెట్టు దారి పట్టును. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుట ఆ దినములలోనే, కాయ కాపలా కొరకు రాత్రులు మేలుకొనవలసినదియు ఆ దినములలోనే. కథ చెప్పించుకొనుటకు ఇంతకంటె తగిన కాలమేది? నేను కథ వినిన ఊరిలో శ్రీరామనవమికి వేసిన పందిరిని పండుగ వెళ్లి పదునైదు దినములైనను విప్పలేదు. బంగినపల్లి కోతలు అప్పుడే మొదలైనవి. ఆ పందిటనే పల్నాటి యుద్ధము.

ఆ దళమును నేను 30 ఏండ్లుగా ఎఱుగుదును. వారు పేరుప్రతిష్ఠలు కోరి నన్ను పిలిచినవారు కారు గనుక వారి పేర్లు ఇక్కడ చెప్పను. పెద్ద కథకుడు రెండేండ్ల క్రిందట కాలము చేసెను. రాజకీయము చెప్పు వంత మోకాళ్లు సహకరింపక మానుకొని, హైదరాబాదులో కూతురి యింట నున్నాడు. మిగిలినవాడు హాస్యపు వంత యొక్కడే. ఆయనకు డెబ్బది దాటినవి. కథకుని చోట ఇప్పుడు ముప్పది నిండని యువకుడు నిలుచుచున్నాడు. రెండవ వంత ఒక ఆడపిల్ల, డిగ్రీ చదివినది. పందిటి ముందు ప్రకటన చూచి ఒక పెద్దమనిషి, "పేరు పాతదే, సరుకు కొత్తది. కలెక్టరు కాయ గంపకి రసాల చీటీ అంటించారు," అనెను. చుట్టునున్నవారు నవ్విరి. నాకును నవ్వు వచ్చినది. మామిడిసీమలో ఇంతకంటె గట్టి అభియోగము మరియొకటి ఉండబోదు.

ఈ అనుమానము మనకే గాదు. అమెరికాలో 1971లో పుట్టిన ఈగిల్స్ అను వాద్యబృందము కలదు. పల్లెపాటల బాణీని రాక్ సంగీతముతో కలిపి జగమెల్ల వినిపించినవారు. వారిలో ముఖ్యుడైన గ్లెన్ ఫ్రై 2016 జనవరిలో మరణింపగా, మరుసటి యేట ఆయన కుమారుడు డీకన్ ఫ్రైని, విన్స్ గిల్ అను మరియొక గాయకుని చేర్చుకొని బృందమువారు మరల వేదిక యెక్కిరి. ఇది ఆ బృందమేనా, ఆ పేరు పెట్టుకొన్న వేరొక బృందమా యని అక్కడివారును తగవులాడుకొనిరి. మన సురభివారి పద్ధతి వేరు. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు కీచకవధతో మొదలిడిన ఆ నాటకవృత్తి కుటుంబముల వెంట నడచినది. కృష్ణుని బాల్యవేషము వేసిన పిల్లవాడు పెరిగి అభిమన్యుడగును, తలనెరిసిన పిదప మరియొక వేషమునకు మారును. ఎవరి చోటు ఎవరికో ఇంటిలోనే తేలిపోవును. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని ఏండ్ల తరబడి నడపిన రేకందార్ నాగేశ్వరరావుగారు 2022లో కన్నుమూసిన పిదపను నాటకములు ఆగకపోవుటకు కారణమిదే.

బుర్రకథకు కూడ ఒకప్పుడు ఇటువంటి కట్టుబాటే యుండెను. జంగము కథ చెప్పుచుండగా ఇంటి ఆడువారే ఇరుప్రక్కల వంతలు. 1940 తరువాత ఆ కళను ఉద్యమమునకు మలచినవారు ఇంటిని విడిచి స్నేహమును పట్టుకొనిరి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఊరూరికి కథలు పంపెను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరుగారు ఆ రోజులలోనే ఆంధ్రదేశమును ఊపివేసిరి. మద్రాసు ప్రభుత్వమును నైజాము ప్రభుత్వమును బుర్రకథను నిషేధించు వరకు వచ్చినదన్నచో దాని వాడి ఎంతటిదో మీరే ఊహించుకొనుడు. కృష్ణాజిల్లాలో మోటూరి ఉదయముగారు స్త్రీల దళమును నడపిరి. నాజరుగారికి 1986లో పద్మశ్రీ వచ్చినది, 1997లో వారు స్వర్గస్థులైరి. వారి బాటన పుట్టిన దళములు అనేకము. అవి అన్నియు ఇట్లే ముగ్గురు మనుష్యులు కుదిరి కట్టుకొన్నవి. ఇంటివారు కారు గనుక, ఒకరు తప్పుకొన్నచో ఆ చోటికి సిద్ధముగా పెరుగుచున్న పిల్ల గాని పిల్లవాడు గాని ఉండరు. వెదకి తేవలెను.

ఇక కథ సంగతి. యువకుని కంఠము మంచిది. అది మొదటి ప్రార్థనలోనే తేలిపోయినది. కాని పెద్ద కథకుడు రెండు శ్రుతిలో పాడువాడు, ఇతనిది నాలుగు. ఒకని గొంతు మారుట ఒకనితో పోవు పని కాదు. తంబుర హెచ్చింపవలెను, డక్కీ బిగువు మార్చవలెను, అన్నిటికంటె కష్టము, డెబ్బదియేండ్ల వంత గొంతు అంత పైకి అందుకొనవలెను. ఆయన అందుకొనలేదు. తందాన తాన యను చోట్ల పాటను ఆడపిల్లకు విడిచి, తాను డక్కీతోను మాటతోను జవాబిచ్చుచుండెను. పూర్వము ఆయన పాడిన చరణములలో సగము ఇప్పుడు మాటలైనవి. ఆశ్చర్యమేమనగా హాస్యము దానివలన కొంత పదునెక్కినది.

కథకుడు మాత్రము తొందరపడుచుండెను. పెద్దాయన ఒక మాట విసరి ప్రక్కకు తిరిగి, వంత వంక చూచుచు ఊరకుండువాడు. ఆ ఊరకుండుటలోనే జనము సగము నవ్వి యుందురు. ఇతడు జవాబు రాకమునుపే తరువాతి పాదమెత్తుకొనుచుండెను. నడుమ రెండు మూడు చోట్ల సినిమా వరుసలు కూడ దొర్లించెను. అవి లేకున్నచో ఎవరును అడిగియుండరు. లౌడుస్పీకర్ల మోత గూర్చి చెప్పక విడుచుట మంచిది.

అయితే ఆ స్పీకర్లే నాకొక మేలు చేసినవి. పూర్వము ముగ్గురికి కలిపి ఒక మైకు ఉండెడిది, అదియు కథకుని నోటి ముందు. వంతలు లోలోపల ఏమనుకొనునదియు మనకు వినబడెడిది కాదు. ఇప్పుడు ముగ్గురికిని చొక్కా కాలరులకు చిన్న మైకులు తగిలించిరి. ఆ రాత్రి ముసలి వంత గొణుగుడు పందిరంతయు వినబడినది. "ఆగు." "ఇప్పుడు తిరుగు." "నవ్వనీ అబ్బాయ్, నవ్వనీ." ఒకచోట యువకుడు చరణము మరచి తంబుర మీటుచు నిలిచిపోగా, ముసలివాడు ఆ పాదము మొదటి రెండు మాటలను ప్రశ్నగా మార్చి, "ఏమన్నాడంటావూ, కోళ్లు ఓడినందుకే అడవికి పోవాలా అన్నాడా?" అని తెలియనివానివలె అడిగెను. కథకుడు వెంటనే అందుకొనెను. ముందు వరుసలోని పిల్లలకు అది కథలో భాగమే. నాకు మాత్రము 30 ఏండ్ల సంగతి ఒక్కసారి తలక్రిందులైనది. పెద్ద కథకునికిని ఈయన ఇట్లే అందించుచుండెనా? "ఆఁ", "సై", "అట్లాగా" అని మనము కూతలుగా వినినవాటిలో ఎన్ని అందింపులో! కథకునికి కథ వచ్చును. అది ఏ ఊరిలో, ఏ జనము నడుమ, ఎచ్చట నిలుచునో వంతకు తెలియును. మనము పెద్ద అక్షరములనే చదువుకొంటిమి.

రేడియోలో బుర్రకథ వినిన పాతవారు దీనిని నాకంటె ముందే గ్రహించియుందురు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రము మొదలైనది లగాయితు ఎందరో ఇంటనే కూర్చుండి ఈ కథలు వినిరి. అక్కడ తలపాగ లేదు, అడుగు లేదు, గొంతులు మాత్రమే. వినువారికి ముగ్గురును సమానమే.

బాలచంద్రుని కథలో బొంగరముల ఘట్టము మీరెఱుగుదురు. యుద్ధమునకు పోకుండ తల్లి ఐతాంబ ఆటలో పెట్టిన పిల్లవాడు బొంగరము విసరగా అది ఒక కోమటిపడుచు కాలికి తగులును. ఆమె దెప్పిన మాటతో అతనికి యుద్ధము సంగతి తెలియును. ఇక్కడ పాత దళమువారికి ఒక హాస్యము ఉండెను. నేనును మహా బొంగరములాడితినని వంత గొప్పలు పోవును. కథకుడు తంబుర ఆపి, అతని తల మీద చేయి వేసి త్రిప్పి, "ఇంతకన్నా పెద్ద బొంగరం ఊళ్లో లేదు గదా," అనును. అంతియే. చెప్పినచో ఏమియు లేదు, చూచినచో నవ్వలేక కడుపు పట్టుకొనువారము. ఆ రాత్రి ఆ చోటు వచ్చినది. ముసలివాడు గొప్పలు పోలేదు. తలపాగ సరిచేసికొని, డక్కీ మీద నాలుగు దెబ్బలు వేసెను, నాలుగే. యువకుడు ఆ నాలుగు దెబ్బలును ఆగెను. అంతవరకు ఎక్కడను ఆగనివాడు అక్కడ ఆగెను. పిమ్మట కథ సాగినది. ఎఱుగనివారికి అదొక తాళపు ముక్క. నా వెనుకనున్న పెద్దమనిషి, కలెక్టరు కాయ అన్న ఆయనే, గొంతు సవరించుకొనెను.

మాంచాల ఘట్టమునందు మాత్రము క్రొత్త దళము పాతదానిని దాటినదని నా అభిప్రాయము. పెద్ద కథకుడు మాంచాల మాటలను సన్నని గొంతుతో తానే పాడెడివాడు. ఆయన ప్రజ్ఞ చేత అది చెల్లినది గాని, అది మాంచాల గొంతు గాదని వినువారికి తెలియుచునే యుండెడిది. ఈసారి కథకుడు ఒక అడుగు వెనుకకు వేసెను. ఆ పిల్ల డక్కీని నడుమునకు నెట్టుకొని ముందుకు వచ్చి, తాళము లేకుండ, కథకుని స్థాయికంటె క్రిందుగా పాడెను. భర్తను యుద్ధమునకు సాగనంపు భార్య అరవవలసిన పనియేమి? నా ప్రక్క కూర్చున్న రైతు నోటిలోని చుట్ట ఆరిపోయినను మరల ముట్టింపలేదు. ఇది పాత ముగ్గురితో సాధ్యమగునది కాదు.

అంతకుముందు అదే పిల్ల రాజకీయము చెప్పుచు, కాయ తూకములో తరుగు తీయు దళారుల సంగతి ఎత్తినప్పుడు పందిరి చప్పట్లతో మ్రోగినది. విషయము మంచిదే, సమయమును తగినదే. కాని పది నిమిషములు సాగుటచేత పల్నాడు వెనుకబడినది. ఆమె స్థానమున నుండిన పాతవాడు రెండు మాటలతో వాత పెట్టి కథలోనికి వచ్చువాడు. ఆ పొదుపు ఆమెకు ఇంకను రావలసి యున్నది.

కథ ముగియునప్పటికి రెండు గంటలు దాటినది. మంగళము పాడిన పిదప ముసలి వంత అరుగు మీద కూర్చుండి గజ్జెలు విప్పుకొనుచుండగా దగ్గరకు పోయి, బొంగరముల హాస్యము విడిచిపెట్టితిరేమి, ఆ అబ్బాయికి నేర్పరాదా యని అడిగితిని.

"నేర్పితే అంటాడండీ. నా తల మీద చెయ్యి కూడా వేస్తాడు," అనెను. "ఆ చెయ్యి వేరండీ. ఇదివరకు అక్కడ ఆగకుండా పోయేవాడు. ఇవాళ ఆగాడు, చూశారా? నేను చెప్పలేదు. ఆగటం వచ్చింది గదా, ఏం అనాలో వాడే చూసుకుంటాడు. అప్పటిదాకా నాలుగు దెబ్బలు."

ఇంతలో యువకుడు వచ్చి, "బాబాయ్, బండి వచ్చింది," అని ఆయన డక్కీని కూడ తన భుజమున వేసికొనెను. మరునాటి కథ విస్సన్నపేట వైపున. ఊరివారు ఇచ్చిన కాయల గంప ఆటోలో ముందే ఎక్కించి యుండుటచేత కాళ్లు పెట్టుకొనుటకు చోటు చాలక, ముగ్గురును కొంతసేపు సర్దుకొనిరి.